ఛాతీలో సవతి

నేను ఒక బరువు చూసే మిషన్‌ని. కాళ్ళు పెట్టి ఎక్కితే ముల్లు తిరిగే రకం. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా ఒక పెళ్ళికూతురి ఇంటికి వెళ్ళాను. ఆ అమ్మాయి రోజూ నన్నెక్కి నన్నే తిట్టేది. పెళ్ళయిన మర్నాడే పాత సామాన్ల కొట్టుకు పంపేసింది. అక్కడినుంచి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పున్నారావుగారు నన్ను తెచ్చుకున్నారు.

ఆయన గుండె బలహీనపడింది. ఒంట్లో నీరు చేరితే ముందు బరువులోనే తెలుస్తుందని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే రమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఏడాదిపాటు ఆయన రోజు నాతోనే మొదలయ్యేది. భార్య నాంచారమ్మగారు నా అంకెను క్యాలెండర్ మీద రాసేవారు. అప్పట్లో నాకెంత గర్వమో!

తర్వాత గుండె లయ తప్పడం మొదలైంది. ఆయన ఛాతీలో, చర్మం కింద, అగ్గిపెట్టెంత యంత్రం అమర్చారు. లయ మరీ తప్పితే షాకిచ్చి దారిలో పెడుతుందట. ఇంక చూడండి దాని వైభోగం! వచ్చినవాళ్ళందరికీ చొక్కా గుండీ విప్పి చూపించడమే. నన్ను మంచం కిందకి తోసేశారు.

"కొత్త సెల్ఫ్ స్టార్టర్ ఎక్కించాక బండికి ఇంకేం చూస్తామే!" అన్నారాయన భార్యతో. నా ఒళ్ళు మండిపోయింది.

నెల తిరిగేసరికి ఆయన మొహం ఉబ్బింది. పాదాలు చెప్పుల్లో పట్టలేదు. మంచం కింద నుంచి నాకు కనిపించేవి ఆ పాదాలే. నాంచారమ్మగారు మాత్రం, "మిషన్ పెట్టాక ఎంత ఒళ్ళు చేశారండీ! నా దిష్టే తగిలేట్టుంది" అని మురిసిపోయి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. ఉప్పు కూడదని మానేసిన ఆవకాయ మళ్ళీ వడ్డించసాగారు. ఒక్కసారి నన్నెక్కి ఉంటే అయిదు కిలోలు ఎక్కువ చూపించేదాన్ని.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన మంచం మీంచి నా పక్కనే కూలిపోయారు. ఇక అంతా ఆ యంత్రం చేతిలోనే ఉంది. నిజం చెబుతున్నాను, అది ఓడిపోవాలని కోరుకున్నాను. ఓడిపోతే పోయేది ఆయనేనని మరుక్షణం తట్టి, సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతలో ఆయన ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. కళ్ళు తెరిచారు.

ఆస్పత్రిలో నీరు తీసి ఇంటికి పంపారు. "అది షాకిస్తుంది గానీ, నీరు చేరిందని మీకు చెబుతుందా? బరువెందుకు చూడలేదు?" అని డాక్టరమ్మ కేకలేసిందట. నాంచారమ్మగారు నా మీది దుమ్ము కొంగుతోనే తుడిచారు.

ఇప్పుడు మళ్ళీ రోజూ ఎక్కుతున్నారు. అంకె నాది చూసుకుంటారు, చెయ్యి మాత్రం ఛాతీ మీద వేసుకుని, "నన్ను బతికించింది ఇదేనే" అంటారు. మనిషి దక్కాడు, అదే చాలని సరిపెట్టుకుందామంటే నావల్ల కావడం లేదు. రోజూ పొద్దున్నే ఆయనతోపాటు దాన్ని కూడా మోస్తున్నది నేనే కదా!