కూత చివరి విరుపు

రైలు ఎల్ సాబినో ఊరు దాటుతుండగానే ఎర్లిందా కిటికీ పక్కకి జరిగి కూర్చుంది. ఊరి చివర రోడ్డు మీద రైలు గేటు, గేటు పక్కన ఒక ఇల్లు. నిరుటి వేసవి దాకా అది ఆమె ఇల్లే. వంటింటి కిటికీకి ఆకుపచ్చ రంగు వేసుకుంది. ఇప్పుడు ఎవరో దానికి పసుపు రంగు పూశారు.

"బాగుంది కదూ?" అన్నాడు భర్త ఎలోయ్.

"గుడ్డు సొన ఒలికినట్టుంది" అంది ఎర్లిందా.

ఎదుటి సీట్లో కూర్చున్న ఎలోయ్ అక్క త్రాంకిలీనా నవ్వింది. "అమ్ముకున్న ఇంటి రంగుతో నీకేం పనే?"

నిజమే. ఎలోయ్ మోకాళ్ళు కొండ చలికి తట్టుకోలేక, రైలు డ్రైవరు ఉద్యోగం నుంచి దిగగానే ఇద్దరూ కిందికి, ఎస్పన్యోలాకి, కూతురి ఇంటి పక్కకి మారిపోయారు. ఇల్లు కొన్నవాడు ఇసాయాస్. ఎలోయ్ పక్కన బొగ్గు వేస్తూ పని నేర్చుకుని, ఈ ఏడే డ్రైవరయ్యాడు. ఇవాళ ఈ బండి నడుపుతున్నదీ అతడే. ఆకులు పండే రోజుల్లో పాత ఉద్యోగులందర్నీ కుటుంబాలతో పిలిచి, ఈ సన్న పట్టాల ఆవిరి బండిలో కొండ మీదికి తిప్పి, భోజనం పెట్టి తీసుకురావడం ఇక్కడి ఆనవాయితీ.

గేటు వచ్చింది. కూత మొదలైంది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్ళీ ఒకటి పొడుగు. గేటు దగ్గర ఏ డ్రైవరైనా వేయాల్సిన కూతే. కానీ ఆ ఆఖరిది మధ్యలో సన్నబడి, జారి, మెల్లగా కిందికి దిగింది.

ఎర్లిందా చేతిలోని ఫ్లాస్కు మూత ఒళ్ళో పడింది.

ఆ దిగుడు ఎలోయ్‌ది. పెళ్ళయిన కొత్తలో, ఇంజిన్‌లో కూత తాడు ఎలా వదిలితే కూత ఎలా వంగుతుందో పట్టుబట్టి కనిపెట్టి, ఈ ఒక్క గేటు దగ్గరే వేసేవాడు. దారిలో మిగతా గేట్ల దగ్గర అతని కూత అందరి కూతలాగే ఉండేది. అది వినపడగానే ఆమె బీన్స్ గిన్నె పొయ్యి మీదికి జరిపేది. అతడు మసి మొహంతో గుమ్మంలోకి రాగానే "విన్నాను" అనేది. పోట్లాడుకుని మాటల్లేని రోజుల్లోనూ ఆ దిగుడు వచ్చేది. అప్పుడు గిన్నె కాస్త చప్పుడయ్యేలా పెట్టేది, అంతే.

పసుపు కిటికీ పక్క తలుపు తెరుచుకుంది. పిండి చేతులతో ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, ఇంజిన్ వైపు చూస్తూ రెండు చేతులూ ఊపింది. ఇసాయాస్ భార్య లూర్దెస్. పెట్టెల్లోని జనమంతా తమకే అనుకుని చేతులు ఊపారు. ఎలోయ్ కూడా ఊపాడు. ఎర్లిందా ఊపలేదు.

"విన్నావా!" ఎలోయ్ మొహం వెలిగిపోతోంది. "అచ్చు నాలాగే! దిగిపోయే ముందు వేసవంతా పక్కన నిలబెట్టుకుని నేర్పాను."

"నేర్పావా?"

"మరి! వాడిది మొరటు చెయ్యి. ఆవుని గుంజినట్టు గుంజేవాడు."

"చెయ్యి పట్టుకుని నేర్పావా?"

"పట్టుకోకుండా ఎలా నేర్పుతారే?"

ఎర్లిందా ఫ్లాస్కు మూత బిగించింది. బండి రొప్పుతూ కొండ ఎక్కింది. పట్టాలు వంపు తిరిగినప్పుడల్లా పొగతోపాటు బొగ్గు నుసి లోపలికొచ్చి పడుతోంది. ఎలోయ్ ఆ ఇసాయాస్‌కి తన గడియారం ఇచ్చినా, తోలు బూట్లు ఇచ్చినా ఆమె ఏమీ అనుకునేది కాదు. పరాయి ఆడదాని వైపు చూస్తే నిలదీసేది. దీన్ని ఏమని నిలదీస్తుంది? ఇవాళ సాయంత్రం ఆ వంటింట్లో, తను నిలబడిన చోటే నిలబడి ఆ పిల్ల "విన్నాను" అంటుంది కాబోలు. అనకపోయినా, విన్నది విన్నదే.

"మొహం అలా మాడ్చుకున్నావేమే? కంట్లో నుసి పడిందా?" అంది త్రాంకిలీనా.

"పడింది."

"ఏ కంట్లో?"

"రెండింట్లోనూ."

కొండ మీద పచ్చిక బయల్లో బండి ఆగింది. భోజనశాలలో టర్కీ మాంసం, మెదిపిన బంగాళాదుంప, పైన పచ్చిమిరప పులుసు. ఎర్లిందా ఫోర్కుతో దుంపని అటూ ఇటూ చేసింది.

"నన్నొక్క మాట అడిగావా?"

"దేని గురించే?"

"నా కూత వాడికిచ్చే ముందు."

"నీ కూతేమిటి? ఇంజిన్ కంపెనీది, ఆవిరి కంపెనీది."

"ఇల్లమ్మాం. నువ్వూ సంతకం పెట్టావు, నేనూ పెట్టాను. కూత అమ్మినట్టు నాకు గుర్తు లేదు."

త్రాంకిలీనాకి పొలమారింది. "ఓరి దేవుడా! ఈ వయసులో రైలు కూత దగ్గర సవతి పోరా!"

"నువ్వూరుకో వదినా. మీ ఆయన పోస్టాఫీసులో అన్నేళ్ళు ముద్రలు కొట్టాడు. నీ కోసమని ఒక్కటైనా కొట్టాడా?"

"నన్ను కొట్టలేదు, అదే పదివేలు" అంది త్రాంకిలీనా మంచినీళ్ళు తాగుతూ.

ఎలోయ్ గొంతు తగ్గించాడు. "నాతోనే పోతుందేమో అనిపించింది లిందా. ఆ గేటు దగ్గర ఇంకెప్పుడూ అది వినపడదంటే... ఏదోలా అయింది."

ఎర్లిందా ఏదో అనబోయింది. కాస్త మెత్తబడేదే. అంతలో ఇసాయాస్ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. మొహమంతా మసి, టోపీ చేతిలో.

"మాస్టారూ, ఎలా వచ్చింది? మొహమాటం లేకుండా చెప్పండి."

"నాకంటే బాగా వచ్చిందిరా!"

"లేదు మాస్టారూ. మీది ఆఖర్న ఇంకేదో ఉండేది. కింద యార్డులో పనిచేసేటప్పుడు వినేవాణ్ణి. మీరు చెప్పినట్టే వదులుతున్నా, అది పడట్లేదు." ఎర్లిందా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పండి. ఆ ఇంట్లో ఉండి రోజూ విన్నది మీరు. మిమ్మల్నే అడుగుతానని లూర్దెస్‌తో కూడా అన్నాను."

ఎర్లిందాకి తెలుసు. కూత పూర్తిగా దిగి, ఇక ఆగిపోతుందనగా, ఎలోయ్‌ది ఒక్క రవ్వ పైకి లేచేది. గుమ్మం దాటుతున్న మనిషి ఒకసారి తల తిప్పి చూసినట్టు. అక్కడ విరిగి ఆగేది. ఈ అబ్బాయి దిగుడు దగ్గరే ఆపేస్తున్నాడు. ఒక్క మాట చెబితే చాలు. రేపటి నుంచి అది కూడా ఆ పిల్లకే.

"అచ్చు అలాగే ఉంది నాయనా" అంది. "వెంట్రుక వాసి తేడా లేదు."

"నిజంగానా అమ్మా?"

"నా చెవుల మీద ఒట్టు."

ఇసాయాస్ దండం పెట్టినంత పని చేసి, టోపీ తలకి పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎర్లిందా చివర్లో తీపికి పెట్టిన 'ఆపిల్ పై' పళ్ళెం దగ్గరికి లాక్కుని గబగబా తినసాగింది. ఎలోయ్ ఆమెనే చూస్తున్నాడు.

"అబద్ధం చెప్పావు."

"ఎందుకు చెప్తాను?"

"ఒట్టు పెట్టావు. నిజం చెప్పేటప్పుడు నువ్వు ఒట్టు పెట్టవు." ముందుకి వంగాడు. "ఏం చేసేవాణ్ణే నేను, ఆఖర్న?"

ఆమె ఫోర్కు ఆగింది. "నీకు తెలీదా?"

"ఇంజిన్ మీద ఆ మోతలో నాకేం వినపడుతుంది? చేతికి వచ్చినట్టు వదిలేవాణ్ణి."

"అయితే నాకొక్కదానికే తెలుసన్నమాట."

ఉదయం నుంచి మొదటిసారి ఆమె మొహం విచ్చుకుంది. మిగిలిన 'ఆపిల్ పై' ముక్కని రెండు చేసి, పెద్దది తనే తీసుకుంది.

"చెప్పవే."

"చెప్తే రేపే వాడికిచ్చేస్తావు."

"ఇవ్వను."

"ఒట్టు పెట్టు."

ఎలోయ్ నోరు తెరిచాడు. కిటికీలోంచి, ఇంజిన్ దగ్గర నూనె డబ్బాతో తిరుగుతున్న ఇసాయాస్ కనిపించాడు. ఎలోయ్ నోరు మూసుకున్నాడు.

"చూశావా?" అంది ఎర్లిందా.

బండి కదిలాక కూడా ఎలోయ్ ఊరుకోలేదు. కుడి చెయ్యి పైకెత్తి, లేని తాడుని పట్టుకుని లాగుతూ, గొంతులో సన్నగా కూత తీస్తూ, మణికట్టుని రకరకాలుగా వదిలి చూస్తున్నాడు. పక్క సీట్లవాళ్ళు నవ్వుకుంటున్నారు. తమ్ముడికీ మరదలికీ కూడా మతి పోయిందని త్రాంకిలీనా వాళ్ళకి చెబుతోంది.

ఒకసారి కూత మరీ పైనే తెగింది. ఒకసారి బొంగురుగా కిందికి పోయింది. ఆ తర్వాత అతడు అలసిపోయి, పట్టించుకోకుండా చెయ్యి వదిలేశాడు. వేళ్ళు విడిపోతూ మణికట్టు రవ్వంత లేచింది. దానితోపాటు గొంతూ లేచి విరిగింది.

ఎలోయ్ ఉలిక్కిపడి చెయ్యిని చూసుకున్నాడు. "లిందా! ఇదేనా?"

ఎర్లిందా అప్పటికే కిటికీ వైపు తిరిగి, ఆకులు పండిన ఆస్పెన్ చెట్లని చూస్తోంది.

"కాదు" అంది.