లోపలి పేజీలు మా నాన్నవి

తాతయ్య పెట్టిన 'పలకబలపం' వారపత్రిక మార్కాపురంలో అచ్చయి, గిద్దలూరు, కొమరోలు బస్టాండ్ల దాకా పోయేది. ఆయన పోయిన ఏడాదికే పెద్దనాన్న రాధాకృష్ణమూర్తి, మా నాన్న శరత్‌చంద్ర కొట్లాడుకున్నారు. కారణం చెప్పాలంటే నాకే సిగ్గు. తాతయ్య సంవత్సరీకానికి వేసిన ప్రత్యేక సంచికలో తమ ఇద్దరి ఫొటోల్లో ఏది పెద్దదిగా ఉండాలని గొడవ. ఆ గొడవలో తాతయ్య ఫొటో వేయడం మరిచిపోయారు.

పంపకానికి మా బంధువు, కిరాణా దుకాణం ధనుంజయ కూర్చున్నాడు. ఇంటి మధ్య గోడ కట్టించాడు, దుకాణాలు చెరొకటి ఇచ్చాడు. పత్రిక దగ్గర ఇరుక్కుపోయాడు. ఉన్నది ఒకే కాగితం, మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు.

"పెద్దోడు వాటాలెయ్యాల, చిన్నోడు కోరుకోవాల. ఎప్పుడూ ఉండే పద్ధతే గదా" అన్నాడు.

"బయటి పేజీలు ఒక వాటా, లోపలియి ఒక వాటా" అన్నాడు పెద్దనాన్న. ఆ మాట అన్న మరుక్షణమే, మొదటి పేజీ తమ్ముడికి పోతుందని దిగులుపడ్డాడు. నాన్న లోపలి పేజీలే కోరుకున్నాడు. "బయటి పేజీలే ముందు అచ్చవుతాయి, ఆయన ఏమన్నా రాసుకోనీ. ఆఖరి మాట నాదే" అని ఇంటికొచ్చి నాతో చెప్పి ముసిముసిగా నవ్వాడు.

ఆ శుక్రవారం మొదటి పేజీలో పెద్దనాన్న 'బైపాస్ రోడ్డు సిద్ధం' అని వేశాడు. లోపల నాన్న, 'మొదటి పేజీలోని రోడ్డు మీద నిన్న మేం బండి నడిపాం. టైరు పోయింది, రోడ్డు కనపడలేదు' అని రాశాడు. మరుసటి వారం బయట, 'మా తమ్ముడికి బండి నడపడం రాదని పాఠకులకు మనవి.' జనానికి ఇంతకంటే ఏం కావాలి? పత్రిక కురిచేడు స్టేషన్‌లో కూడా అమ్ముడుపోయింది.

అంతలో నాన్నకు డెంగీ జ్వరం వచ్చింది. పెద్దనాన్న ఆస్పత్రి బెంచీ వదల్లేదు. ఇద్దరూ కలిసిపోయి గోడ పగలగొట్టించారు. పత్రిక కూడా మహా మర్యాదగా తయారైంది, దాంతో చదివేవాళ్ళు కరువయ్యారు. ఏజెంటు మాలకొండయ్య కట్టలు విప్పకుండానే తిరిగి తెచ్చేవాడు.

"మీరు బాగుపడినారు, పేపరే చప్పగైపోయింది సామీ" అన్నాడు.

ఇక మూసేద్దామనుకున్నారు. నాయనమ్మ సీతారత్నానికి ఆ మాట పిడుగే. పత్రిక పేరు కింద 'వ్యవస్థాపకులు' అని తాతయ్య పేరు ఉంటుంది. శుక్రవారం ఆ పేరు వేలితో తడిమితే గాని ఆమె కాఫీ ముట్టదు.

పొద్దున పెద్దనాన్నను పిలిచి, "మీ నాయన ఎప్పుడూ తమ్ముడి రాతే మెచ్చుకునేవాడు రా" అంది. సాయంత్రం నాన్నతో, "అన్న తెలివిలో సగం కూడా నీకు లేదనేవాడు" అంది. ఇవి రెండూ తాతయ్య ఎన్నడూ అనలేదు. ఆయన దృష్టిలో ఇద్దరికీ రాయడం రాదు.

ఆ వారం నుంచే పత్రిక మళ్ళీ రాజుకుంది. కట్టలు తిరిగి రావడం ఆగింది. కానీ నాయనమ్మ ఎదుట ఇద్దరూ మొహాలు తిప్పుకుని పోతుంటే ఆమె సంబరం చచ్చిపోయింది. ఒక శుక్రవారం పత్రికా ముట్టలేదు, కాఫీ తాగలేదు.

"పేరు కోసం బిడ్డల్ని ఇడగొట్టినా పాపా. నేను చెప్పింది అబద్ధమని చెప్పేస్తా. పేపరు పోతే పోనీ, ప్రెస్సుకు పోదాం పా" అంది. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.

వెనక గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అన్నదమ్ములిద్దరూ ఒకే పొట్లంలో మిరపకాయ బజ్జీలు తింటున్నారు.

"నన్ను 'అక్షరం ముక్క రానివాడు' అని రాయన్నా. బాగా అమ్ముడుపోతాది" అంటున్నాడు నాన్న.

"అంత మాటెందుకు రా. నీ బిడ్డ ప్రియ చదువుతాది."

"నీకు తిట్టడం చేతగాదు గాని, ఇట్ల తే, నీ పేజీ కూడా నేనే రాస్తా."

పెద్దనాన్న కాగితం ఇచ్చి, "అమ్మకు అనుమానం రాలేదు గదా?" అన్నాడు.

"రాలేదులే. నాయన పేరు పోగూడదని ఎన్ని అబద్ధాలు ఆడిందో, పాపం."

నాయనమ్మ తలుపు తోసుకుని లోపలికి పోతుందనుకున్నాను. చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. కళ్ళు తుడుచుకుని, నా చెవి దగ్గరికొచ్చింది.

"నేను చూసినానని చెప్పమాక పాపా. తెలిస్తే బజారులో కూడా కలిసిపోతారు."