వాగులో ఆఖరి బదులు

ఏన్కూరు దాటాక అడవి అంచున ఒక సేవా సంస్థ శిక్షణ శిబిరం ఉంది. పరాయి దేశాల్లో సేవకు పోయే వలంటీర్లకు అక్కడ వాగు దాటడం నేర్పేది జంపక్క. అందరూ ఒకే వెదురు గడ పట్టుకుని వరుసగా దిగాలి. ముందు ఆమె. వెనక్కి తిరిగితే కాలు జారుతుంది, అందుకని చూడదు, "ఉన్నరా?" అని కేకేస్తుంది. వరుసలో ఒక్కొక్కరే "ఉన్న" అనాలి. ఆఖరి మనిషి బదులు వినపడ్డాకే ముందు కాలు కదలాలి.

ఆఖర్న బలమున్నవాడు ఉండాలి. పవన్ అనే వలంటీరును అక్కడ నిలబెట్టింది ఆమే. "నీది ఎడ్ల మెడ బిడ్డా, ఎనక నువ్వే ఉండాలె" అంది. వాడు ఆఫ్రికాలోని మలావి పోయాడు. వరదలో ఊరివాళ్లను దాటిస్తూ, ఆఖర్నే నిలబడి, నీళ్లపాలయ్యాడు. శవం దొరకలేదు.

పోయిన వానాకాలం జంపక్క కొత్త పిల్లలతో వాగులో దిగింది. ఆఖరి పిల్ల "ఉన్న" అంది. ఆ వెనక నుంచి ఇంకొక గొంతు, "ఉన్న అక్కా." బదులులో అక్కా అని కలిపేది పవన్ ఒక్కడే. ఆమె అందర్నీ ఒడ్డుకు తోలేసింది. మళ్లీ నీళ్లలో కాలు పెట్టలేదు. ఇసుకలో గీతలు గీసి చెబుతోంది.

ఈ ఏటి శిక్షణ ఇవాళ్టితో ఆఖరు. శిక్షకులకు సన్మానమని శిబిరం చూసుకునే రవీందర్ శాలువా పట్టుకుని వాగొడ్డుకే వచ్చాడు. వెంట దీపిక. మలావిలో పవన్ జట్టు మనిషి. ఆ పిల్లను చూడగానే జంపక్క ముఖం తిప్పుకుంది.

"కప్పుకో అక్కా, చలికాలమన్న పనికొస్తది," అన్నాడు రవీందర్.

"నాకెందుకు తమ్మీ? పోరణ్ణి సావుకు తయారుజేసినందుకా?"

"గట్లనకు. రేపు ఈ పిల్లలు పోతున్నరు. ఒడ్డున కూసోని ఈత నేర్పినట్టుంది మన యవ్వారం. నువ్వు దిగకపోతే వీళ్లు వాగు దాటుడు తెల్వకుండనే పోతరు."

దీపిక ఆమె పక్కన ఇసుకలో కూర్చుంది.

"ఆ రోజు గడ మధ్యలో నేనున్నా అక్కా. నీళ్లు ఒక్కసారే పెరిగినాయి. గడ ముందున్న ఆ ఊరి ముసలామె "ఉన్నరా" అని పిలిచినప్పుడల్లా పవన్ పలికాడు. మా కాళ్లకు ఒడ్డు తగిలేదాకా పలుకుతూనే ఉన్నాడు."

"గడ ఇడిసిపెట్టి ఈదుకుంటే బతుకుతుండె."

దీపిక అబద్ధం చెప్పలేదు. "బతికేవాడేమో. మేం బతికేవాళ్లం కాదు."

దీపిక ఇసుకలో వేలితో గడలా ఒక గీత గీసింది.

"అక్కడి ఆడవాళ్లు ఇప్పుడు ఏరు దాటితే ఇట్లాగే గడ పట్టుకుంటారు. 'ఉన్న' అనే పలుకుతారు, అర్థం తెలియకపోయినా. ఆఖరి మనిషి మాత్రం 'ఉన్న అక్కా' అంటుంది. అదంతా ఒకటే మాట అనుకుంటారు వాళ్లు. ఆ అక్కవి నువ్వే."

జంపక్క లేచింది. రవీందర్ చేతిలో శాలువా లాక్కుని నడుముకు బిగించి కట్టుకుంది.

"లేవండి పిల్లలూ! బూట్లు ఇప్పి మెడలేసుకోండి, మీకూ దండలు పడ్డట్టుంటది. దీపికా, నువ్వు ఆఖర్న."

దిగారు. నీళ్లు మోకాళ్లు దాటి తొడల దాకా వచ్చాయి.

"ఉన్నరా?"

"ఉన్న." "ఉన్న." గొంతులు ఒకదాని వెనక ఒకటి దూరమవుతూ పోయాయి. చివర దీపిక, "ఉన్న."

జంపక్క కదల్లేదు. ఒడ్డు మీంచి రవీందర్ అరిచాడు. "అందరూ పలికిండ్రు గదా, నడువక్కా!"

"ఆగు తమ్మీ. ఇంకొకడున్నడు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పోయినేడు పవన్ గొంతుకే భయపడి పారిపోయింది ఆమె. ఆఖరి బదులు రాకుండా కదలొద్దని నేర్పిందీ ఆమే. గడను గట్టిగా పట్టుకుని నిలబడింది.

దీపిక వెనక గడ కొస కొంచెం కిందికి దిగింది, ఎవరో చెయ్యి వేసినట్టు.

జంపక్క ఆ ఆఖరి బదులు విన్నది. తల తిప్పలేదు.

"జల్ది రా బిడ్డా," అని, ముందు కాలు తీసి అవతలి రాయి మీద పెట్టింది.