చిగురేసిన శిక్షాస్తంభం

గవర్నరు ఫాద్రికే సముద్రం దాటొచ్చి కొత్త ఊరు కట్టినప్పుడు, స్పెయిను ఆచారం ప్రకారం నేరస్తుల్ని కట్టేసే శిక్షాస్తంభం నడిబజారులో పాతించాడు. అది లేకపోతే రాజుగారి దృష్టిలో అది ఊరే కాదు, ఈయన గవర్నరూ కాదు. ఆ పాడు దుంగ కాస్తా వానలకు చిగురేసింది. కొట్టించినకొద్దీ గుబురుగా పెరిగింది.

"పచ్చికొయ్య పాతొద్దని ఇక్కడివాళ్ళు మొత్తుకుంటే విన్నారా?" అని దెప్పింది భార్య మెన్సియా.

"నువ్వూ మొదలెట్టావూ! అవతల రాజుగారి తనిఖీదారు ఓడ దిగుతున్నాడే, నా కొంప మునిగింది!"

తనిఖీదారు ఎండకు వగరుస్తూ వచ్చి ఆ చెట్టుకిందే చతికిలబడ్డాడు. "స్తంభమేదయ్యా?"

"తమరు ఆనుకున్నదే, దొరా," అన్నాడు ఫాద్రికే తల పట్టుకుని.

తనిఖీదారు పైకి చూశాడు. "సరే, ఉందిగా! నేను వెళ్ళేదాకా కొమ్మ మీద కత్తి పడిందో, ఊరుకోను."