రెండు వాక్యాల తల్లి

ఏటా ఏడో తరగతికి నవల మొదలైందంటే ఆల్టరేషన్ షాపులో తల ఎత్తడానికి తీరికుండదు. మామూలు రోజుల్లో ప్యాంటు పొడవు తగ్గించడం, జిప్పు మార్చడం, ఊడిన గుండీలు కుట్టడం. నవల రోజుల్లో మాత్రం తల్లులు యూనిఫాంలు పట్టుకొని బారులు తీరతారు. ఒకావిడ కొడుక్కి వీధిదీపాలు తుడిచే పొడుగు చేతులాయన పాత్ర వచ్చింది, చొక్కా చేతులు వారానికో అంగుళం పెంచాలి. ఇంకొకావిడ కూతురికి తేలే అమ్మమ్మ వచ్చింది, గౌను అంచు మడతలో సీసం బిళ్ళలు పెట్టి కుట్టాలి. లేకపోతే పిల్ల కాళ్ళు నేలకానవు.

"ఎన్ని వెయ్యమంటారు?" అడిగింది మిషను ముందు కూర్చున్నామె.

"పోయినవారం ఆరు వేశారు. చాల్లేదు. నిన్న తల ఫ్యానుకి తగిలొచ్చింది."

"అయ్యో. ఎనిమిది వేస్తా."

"పది వేసెయ్యండి. మాటిమాటికీ ఎవరు తిరుగుతారు!"

షాపు నడిపే పెద్దావిడ మెడలో ఎప్పుడూ కత్తెర వేలాడుతుంటుంది కాబట్టి అందరికీ ఆవిడ కత్తెరక్క. "పదేస్తే కూర్చున్న చోటునుంచి లేవదు తల్లీ," అంది. "పోన్లే, చదువుకి మంచిదే."

బళ్ళో పద్ధతి అది. టీచరు పాత్రల పేర్లు చీటీల మీద రాసి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసి తీయిస్తుంది. ఎవరికొచ్చిన పాత్రని వాళ్ళు ఆ టర్మంతా చదవాలి, దాని మీద నోట్‌బుక్ రాయాలి. చదివేకొద్దీ ఆ పాత్ర కొంచెం కొంచెంగా పిల్లల మీదికి వస్తుంది. టీచరు తరగతిలో ఏ అధ్యాయం చదివితే, అందులో పాత్రకి జరిగింది ఆ రోజు పిల్లలకీ జరుగుతుంది. పరీక్షవగానే పోతుంది. చలికాలంలో జలుబు చేసినట్టు. దాని గురించి ఎవరూ హైరానా పడరు.

ఈ ఏడు మిషను ముందు కూర్చునే ఆమె కూతురు కూడా ఏడో తరగతికొచ్చింది. సన్నగా ఉండి, తిండి గింజలు ఏరినట్టు తింటుందని ఇంట్లో తల్లి దాన్ని పిచ్చుకా అంటుంది.

"నీకెవరొచ్చారే?"

"మెట్ల పిల్ల."

"ఏం చేస్తుంది?"

"మెట్లెక్కుతుంది."

"అంతేనా?"

"లెక్కపెడుతుంది కూడా."

ఆమెకి హాయనిపించింది. మెట్లెక్కే పిల్లకి బిళ్ళలు కుట్టక్కర్లేదు.

వాళ్ళింట్లో ఉండేది ఇద్దరే. మూడో అంతస్తు, అదే ఆఖరిది. కిందనుంచి నలభై రెండు మెట్లు. వీళ్ళ తలుపు దగ్గర మెట్లు ఆగిపోతాయి. ఆ పైన ఉన్నది గోడ. సాయంత్రం ఆమె షాపునుంచి ముందే వచ్చి, కూతురి అడుగులు వింటూ నలభై రెండూ లెక్కపెట్టి తలుపు తీస్తుంది.

ఆ అలవాటుకి కారణముంది. పిచ్చుకకి నాలుగేళ్ళప్పుడు ఓ సాయంత్రం, రోజంతా మిషను తొక్కి తొక్కి బస్సెక్కి, ఆమె కునికింది. కళ్ళు తెరిచేసరికి ఒడి ఖాళీ. పిల్ల ఎవరో ఆవిడ వెనకాలే దిగిపోయింది. గంటన్నర తర్వాత, మూడు స్టాపుల వెనక, టిక్కెట్లిచ్చే గదిలో బల్ల మీద కూర్చొని దొరికింది. ఏడవలేదు. "నువ్వు నిద్దరోతున్నావుగా," అంది, అంతే. ఆ తర్వాత ఆమె బస్సులో కూర్చోలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకొని నిలబడుతుంది.

నాలుగో వారం ఒక సాయంత్రం నలభై రెండు లెక్కపెట్టింది. తలుపు మీద చెయ్యి వేసింది. అడుగులు ఆగలేదు. నలభై మూడు. నలభై నాలుగు. తలుపు తీస్తే వరండాలో ఎవరూ లేరు. చప్పుడు మాత్రం గోడవైపు పైకి పోతోంది. కాసేపటికి ఆ గోడవైపునుంచే పిచ్చుక దిగి వచ్చింది, బ్యాగు ఊపుకుంటూ.

"ఎక్కడికెళ్ళావే?"

"పైకి."

"పైనేముంది?"

"మెట్లే. ఇవాళ ఐదున్నాయి."

చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. వేడి నీళ్ళు కాచి కాళ్ళూ చేతులూ కడిగింది. అందరి పిల్లలకీ ఏదో ఒకటి ఉన్నదే కదా.

ఆరో వారానికి పైమెట్లు పందొమ్మిదయ్యాయి. తలుపు దగ్గర నిలబడే సేపు పెరిగింది. "పైన ఇంకెవరో కూడా లెక్కపెడుతున్నారమ్మా," అంది పిచ్చుక అన్నం తింటూ, పక్కింట్లో రేడియో మోగుతోందన్నట్టు.

ఆమె ఆ నవల అడిగి తీసుకుంది. చిన్నప్పుడు బడి మానేశాక ఆమె పుస్తకం పట్టింది లేదు. బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో పుస్తకం, వారం రోజులు చదివింది. పదకొండో అధ్యాయంలో మెట్ల పిల్ల లేని మెట్లెక్కి వెళ్ళిపోతుంది. దిగదు. ఎక్కడికెళ్ళిందో ఆ రాసినాయన చెప్పలేదు. పన్నెండులో ఆ పిల్ల చెప్పు ఒకటి దొరుకుతుంది. దాన్ని చూసి ఆ మేడలో వాళ్ళందరూ పోట్లాటలు మానుకొని మంచివాళ్ళవుతారు. కథ అయిపోతుంది.

మరి తల్లో? వెనక్కి తిప్పి వెతికింది. పుస్తకమంతా గాలిస్తే రెండే వాక్యాలు. ఒకటి మొదట్లో, 'వాళ్ళమ్మ పనినుంచి వచ్చింది.' ఇంకొకటి పదకొండులో, 'ఆ వేళకి వాళ్ళమ్మ నిద్రపోతోంది.'

తలెత్తి చూస్తే దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి బడికి వెళ్ళింది. మధ్యాహ్నం గంట కొట్టారు, టీచరు ఒక్కతే తరగతిలో కూర్చొని నోట్‌బుక్కులు దిద్దుతోంది.

"మా అమ్మాయి పాత్ర మార్చండి మేడమ్."

"చీటీ తీశాక మార్చకూడదమ్మా. అప్పుడే సగం పైగా పట్టింది కదా."

"పరీక్షవగానే పోతుందంటారు. తిరిగి రాని పాత్ర ఇదివరకెప్పుడైనా ఎవరికైనా వచ్చిందా?"

టీచరు కళ్ళజోడు తీసి తుడిచింది. తుడిచిందే తుడిచింది. "ఈ నవల కొత్తదమ్మా. పాత పుస్తకాల్లో ఆఖరికి అందరూ ఇంటికొచ్చేసేవాళ్ళు."

"మరి ఇదెందుకు పెట్టారు?"

"బావుంది," అంది టీచరు, గొంతు తగ్గించి. "నిజంగా బావుందమ్మా."

కిటికీలోంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

"మార్చాలంటే ఒకటే దారి," అంది టీచరు. "ఇంకో పిల్లకివ్వాలి. రండి. ఎవరికివ్వమంటారో మీరే చెప్పండి."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. ముప్ఫై మంది ఆడుకుంటున్నారు. సగం మంది గౌనులకి ఆమె కుట్టిన మడతలే. తేలే అమ్మమ్మ పాత్ర పిల్ల పది బిళ్ళల బరువుతో నెమ్మదిగా పరుగెత్తుతోంది. ఆమె ఒక్కొక్క మొహమూ చూసింది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"డబ్బాలో చీటీలేమైనా మిగిలాయా మేడమ్?"

టీచరు డబ్బా కదిపింది. నాలుగున్నాయి. పిల్లి. పోస్టుమాన్. పాలబ్బాయి. తల్లి.

"ఇది నాకివ్వండి."

"దాని మీద నోట్‌బుక్ ఏం రాస్తారమ్మా? రెండు వాక్యాలు!"

"రాస్తాను."

ఉత్తినే ఇస్తే పట్టదు కాబట్టి టీచరు ఆమెకీ పిల్లలకిచ్చినట్టే ఐదు ప్రశ్నలిచ్చింది. ఆమె భోజనాల వేళ షాపులో బట్టల మూటల మధ్య కూర్చొని రాసింది.

రూపం: చెప్పలేదు.

స్వభావం: చెప్పలేదు.

ఏం కోరుకుంటుంది: కాసేపు నడుం వాల్చడం.

ఏం దాస్తుంది: దీనికి బస్సు సంగతి రాసింది. ఎవరికీ చెప్పనిది, పేజీన్నర వచ్చింది. టీచరు ఎర్ర సిరాతో పక్కన 'పుస్తకంలో లేదు' అని రాసి పంపింది.

కథలో ఎలా మారుతుంది: ఖాళీ.

ఆ తల్లిని తను తీసుకుంటే, ఆ రోజు ఆ తల్లిని మెలకువగా ఉంచొచ్చని ఆమె ఆలోచన. అక్కడే పొరపాటు పడింది. ఏళ్ళ తరబడి ఇంతమంది పిల్లల బట్టలు కుట్టీ, పాత్ర ఎలా పడుతుందో తెలిసీ, తన దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయింది. మూడో రోజు మిషను మీద తల వాలింది. సూది గోరు పక్కన గుచ్చుకుంది.

"ఏమే నిద్దరమొహమా," అంది కత్తెరక్క. "రాత్రిళ్ళు దొంగతనాలకి గానీ వెళ్తున్నావా?"

ఆమె వేలు నోట్లో పెట్టుకుని తన ఒళ్ళో పడి ఉన్న రెండో చేతిని చూసుకుంది. చల్ల నీళ్ళు కొట్టుకున్నా, పచ్చి మిరపకాయ కొరికినా, నిలబడి కుట్టినా నిద్ర. బస్సులో కమ్మీ పట్టుకునే నిద్ర. నిద్రపోయే తల్లి పాత్ర పట్టేసింది. ఇక పదకొండో అధ్యాయం రోజున ఆమె మేలుకొని ఉండటం కల్ల.

"అక్కా, రేపే చదువుతారు పదకొండోది," అంది.

కత్తెరక్క జోకు మానేసింది. మైనం దారం ఉండ చేతిలోకి తీసుకుంది. "నాకు చదువు రాదు," అంది. "ఆ పుస్తకంలో అమ్మ నిద్రపోతుందని ఉంది. సరే. ఎక్కడ పడుకుందో ఉందా?"

"లేదు."

"చేతిలో ఏముందో?"

ఆమె కత్తెరక్కని చూసింది. కత్తెరక్క దారం ఉండ ఆమె ఒళ్ళో పడేసింది. బ్యాగుల పట్టీలు కుట్టే దారం అది.

మర్నాడు సాయంత్రం ఆమె పైకి వెళ్ళలేదు. కింద మొదటి మెట్టు మీద, షాపులో తొడుక్కునే పొడుగు కోటుతోనే కూర్చుంది. పిచ్చుక వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చూపు పైకే ఉంది.

"దా. ఇలా నిలబడు."

"ఇక్కడా? అందరూ చూస్తారమ్మా."

"చూడనీ."

గౌను అంచు మడతని తన కోటు చేతి అంచుకి చేర్చి కుట్టింది. మైనం దారం, రెండు పేటలు, దగ్గర దగ్గర కుట్లు. వెళ్ళిన దారినే మళ్ళీ వెనక్కి కుట్టింది. రెప్పలు పడిపోతుంటే సూది మొన అరచేతికి ఆనించి లేపుకుంది. ముడి మూడుసార్లు వేసి, పళ్ళతో తెంపింది.

ఇద్దరూ ఎక్కారు. పిచ్చుక గట్టిగా లెక్కపెడుతోంది. నలభై. నలభై ఒకటి. నలభై రెండు.

"ఇంకా ఉన్నాయమ్మా."

ఆమెకి గోడే కనిపించింది. సున్నం పెచ్చులూడిన మామూలు గోడ. "తెలుసు," అంది. తన తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. "నేను నిద్రపోతానే. నీ మీద కోపంతో కాదు. అప్పుడూ కాదు."

"ఎప్పుడు?"

జవాబు చెప్పేలోపే నిద్ర వచ్చేసింది.

చదివింది చదివినట్టే జరిగింది. తల్లి నిద్రపోయింది. పిల్ల ఎక్కింది. కింది వాటా ఆయన ఏదో అడుగుదామని వచ్చి, ఆమెని చూసి, లేపకుండా దిగిపోయాడట. తర్వాత చెప్పాడు. తలుపు ముందు కూర్చొని నిద్రపోతోంది, ఒక చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది. జవాబు తెలిసిన పిల్ల క్లాసులో చెయ్యెత్తినట్టు.

భుజం విరిగిపోతున్నంత నొప్పికి మెలకువ వచ్చింది. పొద్దు గూకుతోంది. పక్కనే పిచ్చుక కూర్చుని ఉంది. గౌను అంచు సగం చిరిగి, నాలుగు కుట్ల మీద వేలాడుతోంది.

ఆమె ముందు ఆ నాలుగు కుట్లూ తడిమి చూసింది. తర్వాత పిల్ల కాళ్ళు. రెండు చెప్పులూ ఉన్నాయి.

"ఎన్నెక్కావ్?"

"లెక్క తప్పింది. నువ్వు లాగేశావ్." పిచ్చుక ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంది, ఎవరికో పట్టుకోవడానికి ఇచ్చినట్టు. "పైన ఆ పిల్ల కూర్చుని ఉందమ్మా. పుస్తకంలో పిల్ల. నా చెయ్యి పట్టుకుంది. నువ్వు లాగితే ఇద్దరం వచ్చేశాం."

వెనక ఎవరూ కనిపించలేదు. కనిపించనంత మాత్రాన ఎవరూ లేరనుకునే రకం కాదు ఆమె. తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, ఒక క్షణం ఎక్కువే అలా పట్టుకుని నిలబడింది.

పుస్తకంలో అక్షరం మారలేదు. మరుసటి వారం టీచరు పన్నెండో అధ్యాయం చదివింది. చెప్పు దొరికింది, అందరూ మంచివాళ్ళయ్యారు. పరీక్షలయ్యాయి. షాపులో తల్లులు మళ్ళీ బారులు తీరి సీసం బిళ్ళలు విప్పించుకున్నారు, చొక్కా చేతులు తగ్గించుకున్నారు. ఆమె నోట్‌బుక్ ఇచ్చేసే ముందు ఐదో ప్రశ్నకి ఒక్క మాట రాసింది. 'లేచింది.' టీచరు పక్కన ఎప్పటిలాగే 'పుస్తకంలో లేదు' అని రాసింది. కానీ టిక్కు పెట్టింది.

ఇప్పుడు పిచ్చుక అడుగులు సరిగ్గా నలభై రెండు. వస్తుంది, బ్యాగు విసిరేస్తుంది, తినడానికేముందని అడుగుతుంది.

"తలుపెయ్యనా అమ్మా?"

"ఉండవే."

కింద మళ్ళీ మొదలవుతాయి. తేలికైన అడుగులు, తొందర లేనివి. ఆమె చేతిలో పని ఆపి వింటుంది. నలభై దగ్గర అవి ఆగిపోతాయి రోజూ, ఇక ముందు ఎన్నున్నాయో తెలియనట్టు.

"ఇంకా రెండే," అంటుంది ఆమె తలుపులోంచి, మామూలు గొంతుతో. "రామ్మా."