ముప్పై ఏళ్ల మాట

మూడేళ్లకోసారి వీసా పొడిగించుకుంటూ పరాయి దేశపు నోవై పట్నంలో నెట్టుకొస్తున్న ఫణికుమార్, తోటి ఇంజనీర్ల పోరు పడలేక జింకల వేటకు రైఫిల్ కొనబోయాడు. తేలికపాటిది చాలన్నాడు.

కొట్టులోని తెల్లగడ్డం ముసలాయన ఒప్పుకుంటేనా! బరువైనదొకటి చేతికిచ్చాడు. "జింకకే కాదు, రేపెప్పుడైనా గుర్రమంత ఎల్క్ దుప్పి ఎదురైనా ఇదే చాలు. ముప్పై ఏళ్లు నీకు తోడుంటుంది."

ఫణికుమార్ తుపాకి మీది దుర్భిణికి కన్ను ఆనించాడు. ఎదుటి గోడ కరిగిపోయి మంచు కురిసింది. దేవదారుల నడుమ ఎల్క్ ఆవిరి వదులుతూ నిలబడింది. దానికెదురుగా, నెరిసిన జుట్టుతో, తీరుబడిగా తనే!

ఎంతకీ తుపాకి దించకపోయేసరికి ముసలాయన, "అంతలా ఏం చూస్తున్నావ్?" అన్నాడు.

ఫణికుమార్ తుపాకి దించి ఆయన వైపు చూశాడు. ఈ దేశంలో తనతో ముప్పై ఏళ్ల మాట ఎత్తిన మొదటి మనిషి ఆయనే.