చెమట పట్టని పాట

"ఆ ఒక్క పాట తీసేస్తే బంగారం లాంటి ఆల్బమ్," అన్నారు మావారు. ఆయన చొక్కాకి నేను బొత్తాం కుడుతున్నాను. చొక్కా ఒంటిమీదే ఉంది. విప్పి ఇవ్వమంటే టైమ్ లేదంటారు. గుండెకి అంగుళం దూరంలో సూది ఆడుతున్నా కదలకుండా ధీమాగా నిలబడగలరు. ఇరవై రెండేళ్ల నమ్మకం అది.

మా ఇంట్లో ఎవరు దేన్ని మెచ్చుకున్నా ఇలాగే మెచ్చుకుంటారు. "కోడలు బంగారం, ఆ పుస్తకాల పిచ్చి ఒక్కటి తీసేస్తే" అనేవారు అత్తగారు కొత్తలో. "వదిన చేతివంటకి వంక పెట్టలేం, ఆ ఆలస్యం ఒక్కటి తీసేస్తే" అనేది ఆడపడుచు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తీసేస్తూ పోతే చివరికి నాలో మిగిలేది ఈ బొత్తామేనేమో అనుకుంటూ, పళ్లతో దారం తెంపాను.

"వార్షిక సంచికకి వ్యాసం రాసిపెట్టాలోయ్. ఆదివారానికి కావాలి. పాత చెమట మాటనే కాస్త సాగదీసి నాలుగు పేజీలు చెయ్యి, చాలు," అంటూ చెప్పులేసుకున్నారు.

మావారికి కళ్లద్దాల దుకాణం. కానీ నిద్రలో లేపి మీరెవరని అడిగితే, గువ్వ అభిమాన సంఘం కార్యదర్శినని చెబుతారు. గువ్వ అంటే గాయని. ఆవిడ అసలు పేరు ఎవరూ పలకరు. నెలనెలా మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి పదిమంది దాకా మా ముందుగదిలో చేరతారు, పాటలు వింటారు, వాదించుకుంటారు. నేను టీ ఇస్తాను. వంటింటి గడప దగ్గర తలుపుకి ఆనుకుని వింటాను. ఆ తలుపు మీద నా భుజం ఎత్తున రంగు వెలిసిపోయింది.

పదమూడేళ్ల క్రితం దాకా గువ్వ పాడినవన్నీ మూడున్నర నిమిషాల పాటలు, కాలు దానంతటదే ఆడే పాటలు. తర్వాత మూడేళ్లు కనబడలేదు. అరవైమంది వాయిద్యగాళ్లని పెట్టుకుని 'పగలు' అనే ఆల్బమ్‌తో వచ్చింది. పదిహేను పాటల్లో ఒకావిడ ఒక రోజు. అందులో పదో పాట 'మధ్యాహ్నం' ఒక్కటే పంతొమ్మిది నిమిషాలు. అభిమానులు అన్నదమ్ములు వాటాలు వేసుకున్నట్టు విడిపోయారు. కొందరు ముందు గువ్వ మనుషులు, కొందరు తర్వాత గువ్వ మనుషులు. మా సంఘంలో ముందు గువ్వకి టైలర్ గారు పెద్ద. తర్వాత గువ్వకి లెక్కల మాస్టారు.

"ఎంత ఖరీదైన బట్టయినా చెయ్యి పట్టకపోతే అది చొక్కా కాదు మాస్టారూ," అంటారు టైలర్ గారు.

"మీ టేపుకి ఆవిడ అందలేదని ఒప్పుకోండి సార్," అంటారు మాస్టారు.

గొడవ ముదురుతుందని ఆ పదో పాటని మా ముందుగదిలో ఎప్పుడూ పెట్టేవారు కాదు. నాకెప్పుడూ ఈ గొడవ అర్థమయ్యేది కాదు. వంటింట్లో పెట్టుకుని వినమని మావారు నాకోసం ఆ ఆల్బమ్‌ని డిస్కు మీద ఎక్కించి ఇచ్చారు. రోజూ వినేదాన్ని. అన్నీ చక్కటి పాటలే. ఇందులో తలలు పగలగొట్టుకునేంత ఏముంది అనుకునేదాన్ని.

తొమ్మిదేళ్ల క్రితం ఇలాగే సంచికకి వ్యాసం కావాల్సి వచ్చింది. "నువ్వు డిగ్రీ చదివావుగా, నాలుగు ముక్కలు రాసిపెట్టు," అన్నారు. పాలు కాగే లోపు ఒక పేజీ, పిల్ల నిద్రపోయే లోపు ఒక పేజీ, అలా రాశాను. అందులో 'మధ్యాహ్నం' గురించి ఇలా రాశాను: "పాట తియ్యగా ఉంది. కానీ ఆ తీపి కోసం ఎవరూ కష్టపడినట్టు లేదు. ఇది చెమట పట్టని పాట." కింద ఆయన పేరు పడింది. అది మామూలే. ఆ మాట మాత్రం కాళ్లొచ్చి నడిచింది. టైలర్ గారు వేదికల మీద వాడారు. పక్క ఊరి సంఘం వాళ్లు అట్టల మీద రాసుకుని ఊరేగారు. ఒక విలేకరి ఏకంగా గువ్వనే అడిగాడు, మీది చెమట పట్టని పాటట కదా అని. "అలా వినిపించిందా?" అంది ఆవిడ. ఆ తర్వాత మళ్లీ మూడున్నర నిమిషాల పాటలే పాడింది. "చూశావా, నా మాటకి దిగొచ్చింది!" అన్నారు మావారు. నేనూ మురిసిపోయాను. దొంగచాటుగా, నాలో నేనే. అది చెప్పకపోతే ఈ కథ చెప్పడం అనవసరం.

బొత్తాం కుట్టిన రోజే మధ్యాహ్నం వంటింట్లో డిస్కు ప్లేయర్ మొరాయించింది. ముందుగదిలో ఇస్త్రీ చేసుకుంటూ మా అమ్మాయిని పిలిచి, ఆ పదో పాట నీ ఫోన్లో పెట్టవే, వ్యాసం రాయాలి అన్నాను. పెట్టి తన గదిలోకి వెళ్లిపోయింది.

పాట రాలేదు. బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. కొళాయి కట్టెయ్యడం మరిచానేమోనని వెళ్లి చూశాను. కట్టేసే ఉంది. తిరిగొచ్చి ఇస్త్రీ పెట్టె పట్టుకున్నానో లేదో, "అమ్మా!" అని వినబడింది. "ఆఁ, వస్తున్నా," అంటూ అమ్మాయి గదికి వెళ్లాను.

"నేను పిలవలేదమ్మా."

మళ్లీ వచ్చాను. అప్పుడు వినబడింది గువ్వ గొంతు, సన్నగా, గిన్నెల చప్పుడు మధ్య. "నాకోసమని ఒక గంట ఉందట..." అంతవరకే. "ఇదిగో, ఒకసారి ఇటు రా" అని ఒక మగగొంతు. పాట ఆగింది. అడుగులు వెళ్లాయి, వచ్చాయి. "నాకోసమని ఒక గంట..." ఈసారి ఒక ముసలి గొంతు దగ్గి, మంచినీళ్లు అడిగింది. ఆగింది. ప్రతిసారీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. ఆగిన చోట అందుకోదు, మొదటినుంచే. లెక్కపెట్టాను. పదకొండుసార్లు. ప్రతిసారీ అరవైమందిలో ఒకరిద్దరు ఆవిడ వెనక చేరబోతారు, ఆవిడ ఆగగానే వాళ్లూ ఆగిపోతారు. పదిహేను నిమిషాలు నేను ఒకే చొక్కా చేయి మీద ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడొచ్చింది, నాకు తెలిసిన ఆ నాలుగు నిమిషాలు. ఇన్నేళ్లు తీపి అనుకున్నది తీపి కాదు. ఆవిడ ఎందుకంత గబగబా, ఊపిరి తీసుకోకుండా పాడుతోందో ఇప్పుడు తెలిసింది. మళ్లీ ఎవరైనా పిలిచే లోపు పూర్తి చెయ్యాలి. దాన్ని పట్టుకుని నేను, పాలు పొంగే లోపు పేజీ రాసే నేను, కష్టం లేదని రాశాను.

సాయంత్రం మావారిని అడిగాను. "నా డిస్కులో ఆ పాట నాలుగు నిమిషాలే ఉందేం?"

"నేనే సాఫు చేశాగా! ముందంతా గోలే. మొదలెట్టడం, ఆపడం, స్టార్టవ్వని స్కూటర్‌లాగ. పనిలో ఉండేదానివి, నీకెందుకా తలనొప్పని పాట అందుకున్న చోటునుంచి పెట్టాను." ప్రేమగానే అన్నారు. చిక్కంతా అదే. కోపం తెచ్చుకోవడానికి కూడా చోటివ్వరు.

"మరి నేను వ్యాసం రాసినప్పుడు చెప్పలేదేం?"

"చెప్పేదేముంది, బాగానే రాశావుగా."

"మీరు మొత్తం విన్నారా?"

"విన్నానే," అన్నారు. కండువా మడత పెట్టారు, విప్పారు. "ఓ ఐదు నిమిషాలు."

"ఈసారి వ్యాసం రాయను. ఆదివారం అందరికీ నేనే చెబుతాను, ఆ మాట తప్పని."

"ఎవరి మాట? అది నా మాటని లోకానికంతా తెలుసు. ఇప్పుడు నువ్వొచ్చి నాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కావాలంటే తప్పేనని నువ్వు రాసివ్వు, నేను చదువుతాను."

లోపలి గదిలోంచి అత్తగారు అందుకున్నారు. "మొగుడి మాట వేరు, నీ మాట వేరూనా? ఇంట్లోది ఇంట్లో ఉంచుకోవే అమ్మాయ్."

నిజానికి అదే తేలిక. దిద్దుబాటు కూడా ఆయన పేరునే పోతే, ఆయనది పెద్ద మనసంటారు, చప్పట్లు కొడతారు. రెండు రోజులు ఆలోచించాను. నాకు కావలసింది పేరు కాదు. పేరు అక్కర్లేకే ఇన్నేళ్లు గడిచాయి. కానీ ఆవిడ పదకొండుసార్లు మొదటినుంచి ఎత్తుకున్నదాన్ని ఒక్క వాక్యంతో కొట్టేసింది నేను. పొగడ్త ఆయన ఖాతాలో వేసుకుంటే ఊరుకున్నాను. తప్పు కూడా ఆయన ఖాతాలో వేస్తే, ఇక నేను ఉన్నట్టు గుర్తేముంటుంది?

ఆదివారం నాలుగింటికి అందరూ వచ్చారు. గడప దగ్గర నిలబడలేదు. వంటింట్లోంచి కుర్చీ తెచ్చుకుని మాస్టారి పక్కన వేసుకున్నాను. టైలర్ గారు సర్దుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, టీ ఇవాళ తొందరగా అయిపోయిందా?"

"పెట్టలేదన్నయ్యగారూ. ఒక మాట చెప్పాలి. చెమట పట్టని పాట అని రాసింది నేను. పాట మొత్తం వినకుండా రాశాను. తప్పు రాశాను."

మావారు గోడమీద గువ్వ ఫొటో వంకర సరిచేయడంలో మునిగిపోయారు. అది వంకరగా లేదు.

మాస్టారు ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. టైలర్ గారే మాట్లాడారు. "నేను మొత్తం విన్నానమ్మా. రెండుసార్లు. అయినా నచ్చలేదు. పాటకోసం వచ్చినవాణ్ణి పదిహేను నిమిషాలు గుమ్మంలో నిలబెడితే ఎలాగ?"

"నిలబడ్డారు కదా. నచ్చలేదనే హక్కు మీకుంది. నేను నిలబడకుండానే అన్నాను."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "అయితే పెట్టమ్మా. ఇంకోసారి నిలబడతాను."

మా అమ్మాయి ఫోన్ని పెద్ద స్పీకరుకి తగిలించింది. నీళ్ల చప్పుడు గదంతా నిండింది. నాలుగోసారి, ఐదోసారి. ఒకరు కాళ్లు మార్చుకున్నారు, ఒకరు గడియారం చూసుకున్నారు. ఏడోసారి పాటలో పిల్లగొంతు మళ్లీ "అమ్మా!" అని పిలిచింది.

"ఆఁ, వస్తున్నా నాన్నా," అన్నారు లోపలి గదిలోంచి అత్తగారు. మంచం కిర్రుమంది. ఎనభై ఏళ్ల మనిషి కర్ర వెతుక్కుంటున్న చప్పుడు.

ఎవరూ నవ్వలేదు. అమ్మాయి లేచి నానమ్మ దగ్గరికి వెళ్లింది.

తొమ్మిది. పది. గువ్వ మళ్లీ ఎత్తుకుంది, "నాకోసమని ఒక గంట..." అప్పుడే మావారు, అలవాటు కొద్దీ, గోడవైపు చూస్తూనే అన్నారు, "ఏమోయ్, టీ..."

సరిగ్గా అదే క్షణంలో స్పీకర్లోంచి కూడా ఎవరో పిలిచారు. ఏది పాటలోదో ఏది మా ఇంటిదో తెలియక అందరూ తలలు తిప్పారు. చివరికి అందరి చూపులూ నా కుర్చీ దగ్గర ఆగాయి.

పాటలో ఆవిడ లేచి వెళ్లింది. నేను లేవలేదు.